వయా నాగర్‌కర్నూల్: విదేశీ కార్డు కోసం మా దండయాత్ర

వియత్నాం వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించి రాస్తారు, పడవల గురించి రాస్తారు, మోటారు సైకిళ్ళ మధ్య రోడ్డు దాటి ప్రాణాలతో బయటపడ్డ ఘట్టం తప్పకుండా రాస్తారు. నేనూ వెళ్ళొచ్చాను. రోడ్డు నేనూ దాటాను. కానీ ఆ సంగతులు మీకు ఎవరైనా చెబుతారు. ఆ దేశంలో జేబుఖర్చుకని ఒక కార్డు సంపాదించడానికి నేనూ మా ఆవిడా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అనే మూడు మహారాజ్యాల మీదుగా చేసిన యాత్ర గురించి మాత్రం ఇంతవరకు ఏ భాషలోనూ ఎవరూ రాయలేదు. అందుకని వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. వెళ్ళబోయేవాళ్ళు కూడా చదవొచ్చు గానీ, చదివాక ఏ కార్డు తీసుకోవాలో తేలితే ఆ తెలివి వాళ్ళదే. నాకు ఇప్పటికీ తేలలేదు.

ముందు మా సంగతి చెప్పాలి. గద్వాలలో నాకు విత్తనాలు, పురుగుమందుల కొట్టుంది. నాకు అంటే, బోర్డు మీద. గల్లా ముందు కూర్చునేది మా ఆవిడ పద్మ. డబ్బులపెట్టె తాళంచెవి ఆమె నడుముకే ఉంటుంది. అది ఎంత బరువంటే, కృష్ణలో పడవ దాటేటప్పుడు సరంగు ఆమెను మధ్యలో కూర్చోబెడతాడు. రోజూ పొద్దున కొట్టు తెరిచి, గల్లాకు అగరుబత్తి తిప్పి, అందులోంచి ఒక వంద తీసి నా చేతిలో పెడుతుంది. చాయ్, పేపరు, దారిన పోయే స్నేహితులు, అన్నీ అందులోనే. కొట్టు కట్టేసేటప్పుడు మిగిలింది వాపస్. లెక్క కూడా చెప్పాలి.

ఇక ధరలంటారా, ఏ డబ్బా ఏ ఏడు ఎంతకు వచ్చిందో ఎంతకు పోయిందో ఆమెకు నోటికొచ్చు. ఎవరేం ధర అడిగినా 'తెల్వదు' అన్న మాట పద్మ నోట విన్నవాళ్ళు గద్వాల జిల్లాలో లేరు. పక్కనున్న రాయచూరు జిల్లాలోనూ లేరు. వాళ్ళొచ్చి "ఎష్టు?" అని కన్నడంలో అడిగినా చెబుతుంది.

ఇలాంటి మనిషికి భర్త ఏం కొనిపెట్టగలడు? ఒకసారి పెళ్ళిరోజుకు పట్టుచీర తెచ్చాను. కొంగు రెండు వేళ్ళతో నలిపి ఎవరి మగ్గం మీద నేసిందో చెప్పింది, ఎంతకు కొన్నానో చెప్పింది, ఎంతకు కొనాల్సిందో కూడా చెప్పింది. మర్నాడు ఆ నేతాయన ఇంటికి పోయి తేడా వసూలు చేసుకుని గల్లాలో వేసింది. నా కానుకలో కొంత భాగం అలా కొట్టు పెట్టుబడిలో కలిసిపోయింది. అప్పటినుంచి నాకొకటే కోరిక. బతుకులో ఒక్కసారి, ధర పద్మకు తెలియని వస్తువొకటి పద్మకు కొనివ్వాలి.

ఈ ఏడు పత్తి విత్తనాల టార్గెట్ దాటామని కంపెనీ మా ఇద్దరికీ వియత్నాం టూరు ప్రకటించింది. కంపెనీ తరఫు మనిషి కొట్టుకొచ్చి, "టికెట్టు, రూము, తిండి మావి సార్. షాపింగ్ మీది. నగదు పట్టుకు తిరగకండి, ఫారిన్‌లో నడిచే ప్రీపెయిడ్ కార్డు తీసుకోండి. ముందే పైసలు ఎక్కించుకుంటారు, ఎంత ఎక్కిస్తే అంతే వాడుకుంటారు," అని బండెక్కి వెళ్ళిపోయాడు.

నా గుండెలో జూరాల డ్యాం గేట్లన్నీ ఒకేసారి ఎత్తారు. నా పేరు మీద కార్డు! గల్లా లేని దేశం!

పద్మ డబ్బాలు సర్దుతూనే అంది. "కార్డు అంటె గల్లానే గద. గల్లా నాది. కార్డు నా పేరు మీదనే ఉండాలె."

"రెండు పేర్లూ ఉంటయేమో అడుగుదాం."

"గల్లాకు రెండు తాళంచెవులు ఉంటయా? నీ పేరు మీద తెచ్చుకుంటె నువ్వొక్కడివే పో. పరాయి దేశంల చాయ్‌కి పైసలియ్యుమని నీ మొఖం చూసుకుంట నేను నిలబడ."

అంటే సమస్య ఇది. కార్డు నా పేరు మీద వస్తే ఆమె రాదు. ఆమె రాకపోతే కానుక ఎవరికి? ఆమె పేరు మీద వస్తే ధర దాగదు. ఈ ముడి విప్పే కార్డు ఎక్కడో ఉండే ఉంటుందని నమ్మి బయల్దేరాను.

గద్వాల: కార్డులకు కరువు లేని ఊరు

మా ఖాతా ఉన్న బ్యాంకులో అడిగితే గుమాస్తా నన్నూ, నా చెప్పులనూ, మళ్ళీ నన్నూ చూసి, లోపలికి పోయి, కంప్యూటరును అడిగి, పక్కాయనను అడిగి, ఫోన్లో ఇంకెవరినో అడిగి తిరిగొచ్చాడు. ఆ కార్డు ప్యాకెట్లు తమ దగ్గర లేవట. మహబూబ్‌నగర్‌లో ఉన్నవి అయిపోయాయట. నాగర్‌కర్నూల్ శాఖలో ఉన్నాయట. వియత్నాంకు దారి నాగర్‌కర్నూల్ మీదుగా పోతుందని భూగోళ పుస్తకాల్లో ఎందుకు రాయలేదో నాకు అర్థం కాలేదు.

ఆ దిగులు తీర్చుకోవడానికి హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెప్పాను. గద్వాల బజ్జీ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. అది తిన్నవాడికి ఆ పూట ఏ దిగులూ గుర్తుండదు, తన పేరు కూడా గుర్తుండదు. ఎదురుగా మగ్గాల వీరేశం కూర్చున్నాడు. నా స్నేహితుడు, చీరల అంచులు నేయడంలో దిట్ట.

"ఏం సేటూ, పరేషాన్ ఉన్నవ్?"

"కార్డు కావాలె వీరేశం. ఎవరిని అడిగినా లేదంటుండ్రు."

వీరేశం బజ్జీ పక్కన పెట్టాడు. "కార్డులు లేవని ఎవలన్నరు? నన్నడగాలె గద. ఎన్ని కావాలె?"

"ఒకటి చాలు."

"ఒక్క కార్డుతోని ఏమొస్తది? హంస తలకాయ గూడ రాదు. అంచు పొడుగు ఎంత?"

మగ్గం మీద డిజైను రావడానికి చిల్లులు కొట్టి వరసగా గుచ్చే అట్టముక్కల్ని కూడా మా ఊళ్ళో కార్డులనే అంటారన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. నాది పైసల కార్డని చెప్పాను.

"దానికి గూడ చిల్లులుంటయా?" అని అడిగాడు వీరేశం.

ఆ ప్రశ్న వేళాకోళం అనుకున్నాను. కార్డు ఖర్చులన్నీ విన్నాక, వాటికీ చిల్లులుంటాయనీ, ఆ చిల్లుల్లోంచే బ్యాంకు డిజైను వస్తుందనీ తెలిసింది.

ఎర్రవల్లి చౌరస్తా నుంచి పెబ్బేరు దాకా

మర్నాడు కొట్టును పద్మ చెల్లెలికి అప్పగించి బస్సెక్కాం. వనపర్తిలో పద్మ తమ్ముడు శీను ఉన్నాడు. సెల్‌ఫోన్ల దుకాణం. "అక్కా, బ్యాంకోల్ల మాట ఇనకుండ్రి, ముందుగాల నా కాడికి రాండ్రి," అన్నాడు ఫోన్లో.

కండక్టర్ రాగానే పద్మ ఆధార్ కార్డు తీసింది. ఆమెకు జీరో టికెట్టు. నాకు పూర్తి టికెట్టు. మన రాష్ట్రంలో ఆడవాళ్ళ ఆధార్ కార్డును మించిన ప్రయాణ కార్డు ప్రపంచంలో లేదని నా అభిప్రాయం. ముందే ఎక్కించనక్కర్లేదు, వాడుకున్నా అరగదు, మార్పిడి రుసుము లేదు.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే ఆడవాళ్ళు నదిలోకి రూపాయి బిళ్ళలు వేశారు. పద్మ కూడా వేసింది. వేసేముందు నా జేబులోంచి తీసింది. నది దాటాక నేను ఫోన్లో వియత్నాం గురించి చదవడం మొదలుపెట్టాను. అక్కడి డబ్బు పేరు డాంగ్ అట. మన రూపాయి ఒక్కటిస్తే అవి వందల్లో వస్తాయట. చాయ్ తాగితే వేలల్లో బిల్లు, భోంచేస్తే లక్షల్లో. నేను వియత్నాంలో దిగగానే లక్షాధికారిని. గట్టిగా నడిస్తే కోటీశ్వరుణ్ణి.

"పద్మా, అక్కడ అందరి దగ్గరా డాంగులేనట," అన్నాను.

బస్సు మోతలో ఆమెకు వేరేలా వినపడింది. "దొంగలా? అందరు దొంగలైతె మనమెందుకు పోవుడు?"

"దొంగలు కాదు, డాంగులు. దేశమంతా డాంగ్ పైసలే నడుస్తయ్."

"దొంగ పైసలు నడుస్తుంటె సర్కారు ఏం చేస్తుంది?"

"సర్కారే అచ్చేస్తది."

ముందు సీట్లో కూర్చున్నాయన మెల్లగా వెనక్కు తిరిగాడు. గద్వాలలో పని చూసుకుని పెబ్బేరు సంతకు పోతున్న పెద్దమందడి రైతు. నన్ను గుర్తుపట్టాడు. "నువ్వు గద్వాల మందుల సేటువి గద?"

"ఔ పెద్దాయనా."

"పోయినేడు నీ కాన్నే కొన్న పత్తి ఇత్తులు. పైసలు చేతిలనే పెట్టిన." జేబు తడిమి చూసుకున్నాడు. "మల్ల నాకు చిల్లరిచ్చినవ్ సూడు, అవి మంచియేనా?"

బస్సు బస్సంతా నా జవాబు కోసం ఆగింది. డ్రైవరు కూడా వేగం తగ్గించాడని నాకు అనిపించింది. పద్మ ముందుకు వంగింది. "చిల్లర నేనిచ్చిన. యూరియా సంచి మీద పెట్టిచ్చిన. నువ్వు తడి చేతులతోని తీసుకున్నవ్. ఈయన చేతికి పైసలు మేం ఇయ్యం."

పెద్దాయన నిశ్చింతగా ముందుకు తిరిగాడు. నా నిజాయితీ అలా ఒడ్డునపడింది. నేను తిరిగి తలెత్తడానికి మాత్రం పెబ్బేరు దాటాల్సొచ్చింది.

వనపర్తి: అవుట్‌గోయింగే గాని ఇన్‌కమింగ్ లేదు

గద్వాలకూ వనపర్తికీ మధ్య ఆచార వ్యవహారాల్లో చాలా తేడా ఉంది. గద్వాలలో చాయ్ గ్లాసు నిండా పోస్తారు. వనపర్తిలో శీను తెప్పించిన కప్పు ఎంత చిన్నదంటే, అందులో పడిన ఈగకు కాళ్ళు తడవవు. ధర మాత్రం అదే. గద్వాలలో అల్లుడు వస్తే "కాళ్ళు కడుక్కో" అంటారు. వనపర్తిలో "వైఫై పాస్‌వర్డ్ ఇదిగో" అన్నారు.

శీను దుకాణంలో గోడనిండా ఫోన్లకు తొడిగే కవర్లు వేలాడుతుంటాయి. వాటి మధ్యన కూర్చున్న శీనుకు ప్రపంచంలో తెలియని విషయం లేదు. తెలిసినదాన్ని మనకు అర్థమయ్యేలా చెప్పడమొక్కటి తెలియదు.

"బావా, ప్రీపెయిడంటె ప్రీపెయిడే. సిమ్ తీర్గ. నువ్వు ఏస్కుంటవ్, వాడుకుంటవ్. అవుట్‌గోయింగ్ ఉంటది, ఇన్‌కమింగ్ ఉండదు."

"వ్యాలిడిటీ?"

"ఉంటది. అయిపోతె మల్ల తీస్కోవాలె."

"ఏది తీసుకోవాలి చెప్పు మరి."

వేళ్ళు విప్పాడు. "ఒకటి, బ్యాంకు కార్డు. డాలర్లు ఎక్కిస్తరు. ఆ రోజు రేటు ఎంతుంటె అంతకు లాక్ అయితది."

"లాకైతే తీసేదెట్లా?"

"రేటు లాకైతది బావా, పైసలు కాదు. అయితె నువ్వు ఖర్చు పెట్టేది డాలర్లు గాదు గద, డాంగులు. డాలర్ నుంచి డాంగుకు మారేటప్పుడు మల్ల కొంచెం కోస్తరు. రెండు, ఫోన్ల యాప్ నుంచి తీసుకునే కార్డు. దాంట్ల రూపాయలే ఉంటయ్. నువ్వు గీకినప్పుడు ఆ నిమిషం రేటుకు మారుతయ్. పైన మార్కప్ లేదంటరు. మూడు, నీ మామూలు ఏటీఎం కార్డే. అది గీకితె మార్కప్ ఏస్తరు, తీసినప్పుడల్ల చార్జి ఏస్తరు, ఆ ఏటీఎమ్మోడు గూడ ఏస్తడు."

"ఇందులో ఏది చవక?"

"అది నువ్వు యాడ గీకుతవ్, ఎంత గీకుతవ్, ఎన్నిసార్లు గీకుతవ్, రూపాయి పడిపోతదా లేస్తదా, దాన్ని బట్టి ఉంటది."

నాకు తల తిరిగింది. పద్మ మాత్రం చక్కగా వింటోంది. మార్కప్ అన్న మాట దగ్గర ఆమె కళ్ళు మెరిశాయి. "మార్కప్ అంటె మార్జినే గద. డబ్బా మీద మనమేసుకుంటం సూడు, అది. లేదు అన్నోడు ఇంకెక్కన్నో ఏసుకునే ఉంటడు. మార్జిన్ లేకుండ ఎవలు కొట్టు పెడతరు?"

"గట్ల గాదక్కా..."

"గట్లనే తమ్మీ. నీ గోడకున్న కవర్ మీద ఎంతేస్తున్నవ్?"

శీను కవర్లకేసి చూసి, మాట మార్చడానికి యాప్ తెరిచాడు. నా మొహం ఫొటో తీయమంది. నా మొహాన్ని చూసి, వెలుతురు చాలదంది. ఎండలో నిలబెట్టాడు. కళ్ళు మూయకుండా ఉండాలంది. వనపర్తి ఎండలో కళ్ళు తెరిచి నిలబడగలిగినవాడికి కార్డుతో పనేముంది, ఏ దేశమైనా ఊరికే తిప్పి చూపిస్తుంది. చివరికి, కార్డు ఇంటికి రావడానికి వారం పైన పడుతుందని ఆ యాప్ చల్లగా చెప్పింది. మా విమానం అంతకంటే ముందే ఎగిరిపోతుంది.

ఆ రాత్రికి శీను భార్య జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, తలకాయ కూర పెట్టింది. మూడు కార్డుల సంగతీ మరచిపోయి నిద్రపోయాను. నిద్రలో ఒక డాంగు నన్ను తరిమింది. వెనక్కు తిరిగి చూస్తే దాని నడుముకు తాళంచెవి ఉంది.

గోపాల్‌పేట మీదుగా

నాగర్‌కర్నూల్ బస్సులో మళ్ళీ పద్మకు జీరో టికెట్టు, నాకు పూర్తి టికెట్టు. గోపాల్‌పేటలో ఆగితే కిటికీలోంచి ఉడకబెట్టిన పల్లికాయ పొట్లం కొన్నాను. నా వందలో మిగిలినవన్నీ ఆ పొట్లంలోకి వెళ్ళిపోయాయి. పక్కనున్న పెద్దమ్మకు గుప్పెడు పెడితే ఊరు, పేరు, పని అన్నీ అడిగింది. వియత్నాం పోతున్నామని చెప్పాను.

"యాడుంది నాయనా? అచ్చంపేట దాటినంకనా?"

"ఇంకా చాలా దూరం పెద్దమ్మా."

"మల్ల మన్ననూర్ అడివి చెక్‌పోస్టుల పొద్దుగూకితె బండి ఆపుతరు, పైలం," అని దీవించింది.

పద్మ ఆ పొట్లం లెక్క చూసింది. గద్వాలలో ఇదే ధరకు ఇంకో గుప్పెడు వస్తుందట. పరదేశంలో ధరలు ఎక్కువే ఉంటాయని నేను సర్దిచెప్పాను.

నాగర్‌కర్నూల్: ఎత్తుడు, దించుడు

బ్యాంకులో ఆ కార్డుల పని చూసే మేడమ్ ముందు మాకంటే ముందొచ్చినవాళ్ళ గుంపు ఉంది. అందరూ పంట రుణాల కోసం. మా వంతు వచ్చేసరికి ఆమెకు గొంతు పోయింది. విదేశీ కార్డు అనగానే ఆమె మొహంలో, బీరువాలో ఏదో వస్తువు ఎక్కడ పెట్టామో గుర్తు రానప్పటి భావం కనిపించింది. సొరుగులు వెతికింది. దొరికింది.

"ఇందులో డాలర్లు లోడ్ చేస్తాం," అంది.

పద్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. లోడు అనే మాట వింటే మా ఆవిడకు లారీ వచ్చినట్టే. "లోడింగ్ చార్జీ ఎవలది?"

"మీదే మేడమ్. మొదటిసారి కార్డు ఫీజు కూడా ఉంటుంది."

"అదెట్లయితది? మాకు లారీ లోడొస్తె ఎత్తుడు దించుడు హమాలీ అంత కంపెనీదే. సరుకు కొట్ల పడ్డంకనే మాది."

"ఇక్కడ హమాలీలు ఉండరు మేడమ్."

"లేనోల్లకు చార్జి ఎందుకు మరి?"

మేడమ్ కాసేపు తన కంప్యూటరుకేసి చూసింది. ఆ ప్రశ్న ఆమెకు కూడా కొత్తగా ఉన్నట్టుంది. "వచ్చాక మిగిలింది అన్‌లోడ్ చేసుకోవచ్చు," అంది ఓదార్పుగా.

"దించుడుకు గూడ చార్జేనా?"

"మిగిలిన డాలర్లు ఆ రోజు రేటుకు వెనక్కు కొంటాం."

"మేం కొన్న రేటుకు కొనరా?"

"కొనం."

"ఇత్తులు మిగిలితె మా కంపెనీ గూడ గిట్లనే చేస్తది," అని పద్మ తల ఊపింది. ఆ క్షణం నుంచి ఆమెకు కార్డు మీద నమ్మకం కుదిరింది. తెలిసిన మోసమైతే ఆమెకు భయం లేదు. గడువు తేదీ ఎప్పుడని అడిగింది, చూసుకుంది. బ్యాచ్ నంబరు ఎక్కడుందని కూడా అడిగింది. మేడమ్ కార్డును అటూ ఇటూ తిప్పి నిజంగానే వెతికింది.

ఇంతసేపూ నేను నా అదను కోసం చూస్తున్నాను. ఇప్పుడు నేనూ కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "రెండు పేర్ల మీద ఇస్తారా?"

"ఇవ్వం సార్. ఒక్కరి పేరే."

"అయితే నా పేరు మీద రాయండి," అన్నాను. అనేశాను. పద్మ నన్ను చూసింది. డబ్బుల సంచి మూత వేసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మూత టక్కుమన్న చప్పుడుకు నా వియత్నాం సగమైంది.

మేడమ్ మా ఇద్దరి కాగితాల్లోంచి నా పాస్‌పోర్టు ఒక చేత్తో, పాన్ కార్డు ఇంకో చేత్తో పట్టుకుని, కళ్ళజోడు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. "సార్, ఇందులో రాఘవేంద్ర. ఇందులో రాఘవేందర్. ఎవరు మీరు?"

యాభై ఏళ్ళ దగ్గరకొచ్చాక ఒక మనిషిని అడగకూడని ప్రశ్న ఇది. మంత్రాలయం దగ్గరగా ఉన్నందుకు మా గద్వాల వైపు ఇంటికో రాఘవేంద్రుడుంటాడు. బళ్ళో పేరు రాసిన పంతులు రాఘవేంద్ర అని రాశాడు. ఇంట్లో, వీధిలో, మండలాఫీసులో అందరూ రాఘవేందర్ అన్నారు. ఒక రకారం కాసేపు కిందికి దిగి, కాసేపు పక్కకు జరిగి, నలభై ఏళ్ళు నాతో తిరిగి, సరిగ్గా ఇక్కడ కాలు అడ్డం పెట్టింది.

"ఇద్దరూ నేనే," అన్నాను.

"కంప్యూటర్ ఒప్పుకోదు సార్. రెండూ ఒకటే ఉండాలి. మేడమ్ పేరు రెండింట్లోనూ పద్మే ఉంది."

పద్మ సంచి మూత తీసింది.

కవరు విప్పితే అందులో రెండు కార్డులు! నాలో ఆరిపోయిన ప్రాణం మళ్ళీ లేచింది. "రెండోది నాదా?"

"కాదు సార్. మొదటిది పోతే వాడుకోవడానికి. అదీ మేడమ్ పేరు మీదే. అది పోయిందని చెప్పేదాకా ఇది పనిచేయదు."

ఉండీ పనిచేయని ఆ రెండో కార్డు మీద నాకు ఎక్కడలేని ఆత్మీయత పుట్టింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తిరుగు బస్సు

కండక్టర్ వచ్చాడు. పద్మ ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకుంది. నేను జేబు తడిమాను. గోపాల్‌పేట పల్లికాయల పొట్టు తప్ప ఏమీ లేదు. ఫోన్లో పైసలుంటాయని మీరు అనుకోవచ్చు. నా ఫోన్లో పైసల యాప్ పద్మ నంబరుతో ముడిపడి ఉంటుంది. అది మీకు చెప్పడం ఇష్టంలేక ఇంతదాకా చెప్పలేదు.

"ఈ సారుకు?" అన్నాడు కండక్టర్.

పద్మ నోటు తీసి ఇచ్చింది. "ఈయన ప్రీపెయిడ్. నేను ఎంత ఎక్కిస్తె అంత."

కండక్టర్ నవ్వలేదు, గౌరవంగా చూశాడు. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మూడ్రోజులుగా మూడు ఊళ్ళలో ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేకపోయిన సంగతి ఆ ముక్కతో వెలిగింది. పొద్దున గల్లా నుంచి వంద ఎక్కుతుంది. ఎంత ఎక్కితే అంతే ఖర్చు, పైసా ఎక్కువ కాదు. మిగిలింది కొట్టు కట్టేసేటప్పుడు దించుకుంటారు. అవుట్‌గోయింగ్ ఉంటుంది, ఇన్‌కమింగ్ లేదు. రహస్య సంఖ్య ఆమె దగ్గర. ఆ కార్డు ఎలా ఉంటుందోనని ఊళ్ళు పట్టుకు తిరిగాను గానీ, పాతికేళ్ళుగా అద్దంలో చూస్తున్నది దాన్నే.

కిటికీ వైపు తిరిగాను. బిజినేపల్లి వైపు పొలాల్లో పల్లి తవ్వుతున్నారు. పద్మే అడిగింది.

"ఒక మాట చెప్పు. కార్డు నీ పేరు మీద కావాలని గంత పట్టు ఎందుకు పట్టినవ్? ఏం కొంటవ్ అక్కడ? సీసాలా?"

"కాదు."

"మల్లేంది?"

చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. "నీకే ఏదన్నా కొందామని. దాని ధర నీకు తెల్వకుండా."

పద్మ నడుముకున్న తాళంచెవిని అటు నుంచి ఇటు జరుపుకుంది. ఆ పని ఆమె గల్లా ముందు, పెద్ద బేరం కుదిరేటప్పుడు మాత్రమే చేస్తుంది.

"అక్కడ గూడ రోజు పొద్దుగాల ఏటీఎంల తీసి నీకు ఎక్కిస్త," అంది. "ఎక్కించింది ఎక్కించినట్టే. దించుకోను. ఐదు రోజులు నిన్ను లెక్క అడగ."

"నిజంగా?"

"అడగ అన్న గద. ఇంటికొచ్చినంక మల్ల మామూలే."

వనపర్తి బస్టాండులో దిగగానే పద్మ నాకొక చాయ్ ఇప్పించింది. అదే చిన్న కప్పు. ఈసారి చాలా పెద్దదిగా కనిపించింది.

గద్వాల, మళ్ళీ

వియత్నాం గురించి ఒక్క ముక్కే రాస్తాను. అక్కడ పొద్దునే రోడ్డు పక్కన చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళేసి కాఫీ ఇస్తారు. పాలడబ్బా నుంచి తీసిన చిక్కటి తీపి పాలు కింద, నల్లటి డికాషను పైన. ఆ వాసనకు గోడలు కూడా నడిచొస్తాయి. ఆ కాఫీ ఎలా ఉంటుందో నాకు తెలియదు. రోజూ ఎక్కిన లక్షల డాంగుల్ని ఒక్కటీ తగ్గకుండా దాచాను. కంపెనీ పెట్టిన తిండే తిన్నాను, వాసనే తాగాను. ఆఖరి రోజు ముత్యాల దండ ఒకటి కొన్నాను. అమ్మే ఆమె కాలిక్యులేటర్ మీద ఒక అంకె కొట్టింది, నేనొకటి కొట్టాను, ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఎంత తగ్గించానో మీకు కూడా చెప్పను.

పద్మ దండను వేళ్ళ మధ్య నలిపి చూడలేదు. వెలుతురుకు ఎత్తి చూడలేదు. మెడలో వేసుకుంది.

తిరిగొచ్చాక బ్యాంకులో మిగిలిన డాలర్లు దించుకునేటప్పుడు మేడమ్‌తో ఇంకో పూట వాదించింది. నా పొద్దుటి వంద మళ్ళీ వందే అయింది. సాయంత్రం లెక్క మళ్ళీ మొదలైంది.

మొన్న పెద్దమందడి రైతు పురుగుమందు కోసం వచ్చాడు. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని, నోట్లను ఎండకు పట్టి చూసి, అప్పుడు పద్మ మెడకేసి చూశాడు.

"ముత్యాలా అమ్మా? మంచిగున్నయ్. ఎంతయినయ్?"

పద్మ గల్లా మూసింది. నేను సంచుల వెనక నుంచి తల బయటపెట్టాను.

"తెల్వదు," అంది.